ఇంటి వంట అమ్మే ముందు: నల్లగొండ వంటిళ్ల కోసం

ఇంట్లో వండి అమ్ముకోవడానికి అనుమతి కావాలా అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే అమ్ముతున్నవాళ్లే. సంక్రాంతికి సకినాలు, ఎండాకాలంలో మామిడికాయ తొక్కు, పెళ్లిళ్లకు అరిసెలు, గర్జెలు, ఉద్యోగస్తులకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు. మొదట చుట్టుపక్కలవాళ్లు కొంటారు. తర్వాత హైదరాబాదులో ఉన్న కొడుకు స్నేహితులు తెప్పించుకుంటారు. ఆర్టీసీ పార్సిల్‌లో డబ్బాలు వెళ్లడం మొదలవుతుంది. ఒక రోజు ఎవరో కొత్తవాళ్లు ఫోను చేసి "మీకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా?" అంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ. కంగారు అప్పుడు మొదలవుతుంది.

అనుమతి కావాలి. 2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దృష్టిలో డబ్బు తీసుకుని తిండి ఇస్తే అది ఆహార వ్యాపారమే. హోటలులో వండారా, ఇంటి వెనక వసారాలో వండారా అని అది చూడదు. లాభం వచ్చిందా రాలేదా అని కూడా చూడదు. అయితే చిన్నవాళ్లకు అదే చట్టం తేలికైన దారి చూపింది. పెద్ద లైసెన్సు అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు. 2011 నాటి నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్నవారిని ఈ చిన్న వ్యాపారుల్లో చేర్చాయి. తయారీదారులైతే రోజుకు 100 కిలోలు మించకూడదన్నాయి. 12 లక్షలంటే చేతిలో మిగిలేది కాదు, మొత్తం అమ్మకం. సగటున నెలకు లక్ష. పచ్చళ్ల కాలంలో ఒక నెల లక్షన్నర దాటినా, ఏడాది మొత్తం ఆ లోపలే ఉంటే ఇబ్బంది లేదు.

ఆ నిబంధనల్లో నమోదు రుసుము ఏడాదికి 100 రూపాయలు. వంద రూపాయలే. దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా మహిళా సంఘంలోని వాళ్ల దగ్గర ఈ ఒక్క కాగితం కోసం మధ్యవర్తులు వేలల్లో తీసుకున్నారు. పుస్తెలు కుదువ పెట్టి వ్యాపారం మొదలుపెట్టిన ఆడవాళ్ల దగ్గర అలా తీసుకోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. దరఖాస్తు చేసే రోజు పోర్టల్ తెర మీద ఎంత రుసుము చూపిస్తే అంతే కట్టండి. ఫారం నింపడం రాకపోతే పక్కింటి డిగ్రీ పిల్లను కూర్చోబెట్టుకోండి, లేదా ఇంటర్నెట్ సెంటరులో నింపిన కూలి మాత్రం ఇవ్వండి.

నమోదు ఎలా

ప్రభుత్వ పోర్టల్ పేరు ఫాస్కాస్. ఫోనులో కూడా తెరుచుకుంటుంది. చిన్న వ్యాపారులు నింపవలసింది ఫారం ఎ. ఫొటో, ఆధార్ వంటి గుర్తింపు కార్డు, వండే చోటుకు చిరునామా రుజువు దగ్గర పెట్టుకోండి. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందం కావాలి. ఇంటి యజమానికి ముందుగానే చెప్పండి. తనిఖీకి వచ్చిన అధికారి ముందు యజమాని "నాకు తెలియదు" అంటే మీకే చిక్కు.

చాలామంది తడబడేది వ్యాపార రకం ఎంచుకునే చోట. సకినాలు, మురుకులు, తొక్కులు, పొడులు తయారీ కిందికి వస్తాయి. భోజనం డబ్బాలు ఆహార సేవల కిందికి వస్తాయి. అక్కడ ఇంటి క్యాంటీన్లు, డబ్బావాలాలు అని ప్రత్యేకంగా ఒక రకమే ఉంది. రెండూ చేస్తున్నవాళ్లు రెండూ ఎంచుకోవాలి. భోజనాలకు మాత్రమే నమోదు చేసుకుని పచ్చడి సీసాల మీద ఆ నంబరు అచ్చు వేయడం సరికాదు.

దరఖాస్తు పూర్తి కాగానే 17 అంకెల సంఖ్య వస్తుంది, రాసి పెట్టుకోండి. ఏడు రోజుల్లో అధికారి నమోదు ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని తెలపాలి. తనిఖీ అంటే అది 30 రోజుల్లో తేలాలి. ఈ గడువుల్లో ఏ కబురూ రాకపోతే వ్యాపారం మొదలుపెట్టవచ్చని 2011 నిబంధనలే చెబుతున్నాయి. చేతికి వచ్చే నమోదు సంఖ్యకు 14 అంకెలుంటాయి. మొదటి అంకె 2 అయితే నమోదు, 1 అయితే లైసెన్సు. తర్వాతి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఎవరైనా మీ చేతికి సర్టిఫికెట్ ఇచ్చి డబ్బు అడిగితే ముందు ఆ మూడంకెలు చూడండి, తర్వాత ఆ సంఖ్యను పోర్టల్‌లో కొట్టి మీ పేరే వస్తుందో లేదో చూడండి. సర్టిఫికెట్‌ను వంటింట్లో కనబడేలా గోడకు తగిలించాలి. బీరువాలో చీరల కింద దాచేది కాదు అది.

పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫారం ఎ చివర మీరు ఒక ప్రకటన మీద సంతకం చేస్తారు. 2011 నిబంధనల చివర ఉన్న నాలుగో షెడ్యూల్‌లోని (అనుబంధంలోని) శుభ్రత నియమాలన్నీ పాటిస్తానని అందులో ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. వంద రూపాయల కన్నా ఆ సంతకం చాలా పెద్దది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ సంతకాన్ని మన ఇళ్లలో ఎలా నిలబెట్టుకోవాలనే.

అన్నిటికన్నా ముందు నీళ్లు

వంటకు వాడే నీరు తాగడానికి పనికొచ్చేదై ఉండాలని షెడ్యూల్ అంటుంది. వేరే జిల్లాలో ఇది ఒక్క వాక్యంతో తేలిపోయే విషయం. మన దగ్గర కాదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలతో బతికిన పెద్దవాళ్లను చూసినవాళ్లం మనం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ) రూపొందిస్తే దానికి దేశమంతటా మన జిల్లా పేరే పడింది, నల్లగొండ పద్ధతి అని. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి. అయినా నల్లా రాని రోజు బోరు మోటారు వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంటి అవసరానికి మీరు ఏం చేసినా, అమ్మే వంటకు మాత్రం బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా వాడకండి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉంటే మంచి నీరని భారత ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటుంది. మరిగిస్తే పోతుందని కొందరి నమ్మకం. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో చిక్కనవుతుంది. పప్పు, పులుసు గంటసేపు మరిగే వంటలని గుర్తుంచుకోండి. సకినాల పిండి తడిపిన నీళ్లు నూనెలో ఆవిరైపోతాయి, అందులోని ఫ్లోరైడ్ పిండిలోనే మిగిలిపోతుంది. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాల ఉంది. సీసాలో నమూనా పట్టుకెళ్లి పరీక్ష చేయించి ఆ కాగితాన్ని సర్టిఫికెట్ పక్కనే పెట్టండి. తనిఖీకి వచ్చిన అధికారి నీటి గురించి అడిగితే చూపించడానికి ఇంతకన్నా మంచి జవాబు ఉండదు.

భగీరథ నీళ్లు వాడేవాళ్లు కూడా మేడ మీది ట్యాంకును మరచిపోకూడదు. శుద్ధి చేసి పంపిన నీళ్లు మూత లేని ట్యాంకులో నాచు పట్టి కూర్చుంటే ఆ శుద్ధికి అర్థం లేదు. ట్యాంకు కడిగిన తేదీని గోడ మీద సుద్దతో రాయండి.

ఏది అమ్మాలి, ఏది అమ్మకూడదు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే: తడి లేనివాటితో మొదలుపెట్టండి. సకినాలు, మురుకులు, కారం పొడులు, పల్లీ కారం, నువ్వుల పొడి. తడి లేని చోట క్రిములు పెరగవు. అందుకే మన పెద్దవాళ్లు సకినాలను తెల్లగుడ్డ మీద చుట్టి, తడి ఆరనిచ్చి, తర్వాతే మూకుట్లో వేశారు. తొందరపడి పచ్చిగా వేస్తే పైన కరకరలాడి లోపల మెత్తగా ఉంటాయి. అలాంటివి డబ్బాలో పెట్టిన కొన్ని రోజులకే మక్కిన వాసన వస్తాయి. వేయించినవి పూర్తిగా చల్లారాక మాత్రమే మూట కట్టాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి నీరవుతుంది.

పల్లీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు నుంచి మంచి పల్లీ వస్తుంది. దేవరకొండ వైపు కూడా వేస్తారు. పీకిన కాయ వానకు తడిసి సరిగా ఆరకపోతే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయానికి చేటు, క్యాన్సరుకు కారణమయ్యే విషం. వేయిస్తే బూజు చస్తుంది, విషం పూర్తిగా పోదు. అందుచేత చౌకగా వచ్చాయని ముక్కిన పల్లీలు, ముడుచుకుపోయినవి, నల్లమచ్చ లేదా పచ్చటి బూజు కనబడేవి కొనకండి. కొన్నవాటినీ చేటలో పోసి ఒక్కొక్క గింజ చూసి ఏరండి. నోట్లో వేసుకుంటే చేదు తగిలిన సంచిని పూర్తిగా వెనక్కి ఇచ్చేయండి. ఏరి పారేసిన వాటిని కోళ్లకు కూడా వేయవద్దు.

తొక్కులకు చట్టమే కొలతలు ఇచ్చింది. ఉప్పునీటిలో ఊరే పచ్చడిలో ఉప్పు 12 శాతానికి తగ్గకూడదు, నూనె పచ్చడిలో నూనె 10 శాతానికి తగ్గకూడదు. మన అమ్మల చేతి లెక్క దీనికి దాదాపు సరిపోతుంది. అయితే ఇప్పుడు కొనేవాళ్లు "ఉప్పు తగ్గించండి" అని అడుగుతారు. ఆ మాట విని ఉప్పు తగ్గించి, అలాగే అల్మారాలో నిలవ ఉండే పచ్చడిగా అమ్మితే బూజు పడుతుంది. తక్కువ ఉప్పు కావాలన్నవాళ్లకు కొంచెం కొంచెం చేసి, ఫ్రిజ్‌లో పెట్టమని సీసా మీద రాసి, గడువు తగ్గించి ఇవ్వండి. నకిరేకల్ మార్కెట్ దగ్గరలో ఉండటం మనకు అదృష్టం, నిమ్మకాయ పులుపే పచ్చడికి కాపలా. కాయ కడిగాక నీటిచుక్క లేకుండా తుడిచి ఆరబెట్టిన తర్వాతే కత్తి పెట్టండి.

కారంలో రంగు కలపడానికి చట్టం అస్సలు ఒప్పుకోదు. ఎండుమిర్చి మీరే కొని, తొడిమెలు తీసి, ఎండబెట్టి గిర్నీలో మీ కళ్ల ముందు పట్టించండి. మీ కన్నా ముందు గిర్నీలో ఏం పట్టారో అడగడం కూడా మీ పనే. నూనె సీలు వేసిన డబ్బాలోనే కొనండి. ఒకసారి పిండివంటలు వేయించిన నూనెను వడకట్టి ఇంట్లో కూరలకు ఒకటి రెండు రోజుల్లో వాడేయండి, మళ్లీ అమ్మే సరుకు వేయించడానికి వాడవద్దు. 2018 జూలై నుంచి వాడిన నూనెకు కూడా హద్దు పెట్టారు. పాడైన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. ఆ కొలత తీసే మీటరు మన ఇళ్లలో ఉండదు కాబట్టి నురగ ఎక్కువైనా, రంగు నల్లబడినా, తక్కువ మంటకే పొగ వచ్చినా పక్కన పెట్టేయండి.

కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి గురించి అడిగేవాళ్లు ఎక్కువ, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. మొదటి ఏడాదిలో వాటి జోలికి వెళ్లవద్దని చెబుతాను. పులుపు తక్కువైన మాంసం నూనె కింద గాలి తగలకుండా ఉంటే అక్కడ పెరిగే క్రిమి మనిషిని చంపగలదు, వాసనకు కూడా దొరకదు. ప్రయోగశాలలో ఆమ్లత్వం చూపించుకున్నాకే అది అమ్మే సరుకు అవుతుంది. కేకులు, బర్గర్లు చేసే అమ్మాయిలకు ఒక మాట: పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకున్నా దాన్ని ఇంట్లో చేసి అమ్మవద్దు.

మధ్యాహ్నం డబ్బాలు

మన ఎండలు తెలిసినవే. మే నెలలో పొద్దున ఆరింటికి వండిన పప్పు పన్నెండింటికి పులిసిపోతుంది. వేడి వంటకం 60 డిగ్రీల పైన, చల్లటిది 5 డిగ్రీల లోపల ఉండాలని షెడ్యూల్ చెబుతుంది. ఈ రెంటి మధ్య ఉన్నంతసేపూ క్రిములకు పండగే. కాబట్టి డబ్బాలు వెళ్లే సమయం నుంచి వెనక్కి లెక్కేసుకుని వండండి. పన్నెండున్నరకు కలెక్టరేట్‌కు చేరవలసిన డబ్బాకు పదకొండు తర్వాతే అన్నం దించండి. ముందు రోజు మిగిలిన అన్నాన్ని పులిహోర కలిపి పంపే అలవాటు కొందరికి ఉంది. దాన్ని పూర్తిగా మానేయాలి. బయట మిగిలిపోయిన అన్నంలో ఒక రకం క్రిమి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులిహోర అప్పుడే వార్చిన అన్నంతోనే కలపండి. పెరుగన్నం పంపాలంటే చల్లటి పెట్టెలో పంపండి, లేదా ఎండాకాలం నాలుగు నెలలూ పెరుగును విడిగా ఇవ్వండి.

వంట మనిషి ఆరోగ్యం కూడా నియమమే. విరేచనాలు, జ్వరం, చర్మం మీద చీము పట్టిన పుండు ఉన్న రోజు వండకూడదు. గిరాకీ పోతుందని భయపడకండి. ముందురోజు రాత్రే ఫోను చేసి "రేపు డబ్బా లేదు" అని చెప్పండి. చెప్పి మానేసినవారి మీద నమ్మకం పెరుగుతుంది కానీ తగ్గదు.

సీసా మీద ఏం రాయాలి

ముందుగా మూట కట్టి అమ్మే ప్రతిదానికీ లేబుల్ ఉండాలి. దీనికి 2020 నాటి లేబులింగ్ నిబంధనలు, తూనికలు కొలతల శాఖ వారి 2011 నాటి ప్యాకేజీ నియమాలు రెండూ వర్తిస్తాయి. మనవాళ్లకు తెలియని సంగతి ఒకటి: లేబుల్ తెలుగులో మాత్రమే ఉంటే చెల్లదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. నేను మాత్రం తెలుగును కూడా పెద్ద అక్షరాలతోనే వేయమంటాను. మన సరుకు కొనే అత్తమ్మలు చదవగలిగేది అదే.

పల్లీ కారానికి ఉదాహరణగా చెబుతాను. పైన వంటకం పేరు. కింద పదార్థాలు, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర: పల్లీలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు, జీలకర్ర. దాని కింద విడిగా "ఇందులో వేరుశనగ ఉంది" అని తప్పకుండా రాయాలి, పల్లీ పడనివాళ్లకు అది ప్రాణం మీది విషయం. నువ్వులు ఆ తప్పనిసరి జాబితాలో లేవు. కానీ సకినాల సంచి మీద నువ్వుల పేరును కూడా ముదురు అక్షరాలతో వేయండి. చతురం మధ్య ఆకుపచ్చ గుండ్రని చుక్క శాకాహారానికి, గోధుమరంగు త్రిభుజం మాంసాహారానికి. తర్వాత నికర బరువు, తయారైన తేదీ, వాడవలసిన గడువు తేదీ, బ్యాచ్ సంఖ్య, నిలవ చేసే విధానం, మీ పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల సంఖ్య. అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, గ్రాముకు ఎంత పడుతుందో కూడా. బ్యాచ్ సంఖ్యకు భయపడవద్దు, వండిన తేదీనే బ్యాచ్ సంఖ్యగా వాడుకోవచ్చు. పోషక విలువల పట్టిక కోసం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల నుంచి లెక్క కట్టవచ్చు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఒక సాయంత్రం పని.

గడువు తేదీ ఊహించి వేయకండి. సరుకులో కొంత పక్కన పెట్టి, ఇంట్లో మామూలుగా ఉండే వేడిలో ఉంచి, వారం వారం తెరిచి రుచి, వాసన చూడండి. తేడా కనబడిన రోజు కన్నా బాగా ముందటి తేదీని గడువుగా వేయండి. ఎండాకాలం గడువు, చలికాలం గడువు వేరువేరుగా ఉంటాయి.

మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జొన్న మురుకుల సంచి మీద "షుగరు తగ్గిస్తుంది" అని, నువ్వుల లడ్డు మీద "మోకాళ్ల నొప్పులు పోతాయి" అని రాస్తున్నారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్‌లో 10 లక్షల వరకు జరిమానా ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, మీ మాట నమ్మి ఒక పెద్దాయన మందు మానేస్తే ఆ పాపం ఎవరిది? జొన్నతో చేశామని రాయండి, చాలు. "ఆర్గానిక్" అనే మాటనూ ధ్రువీకరణ లేకుండా వాడవద్దు.

న్యూస్‌పేపరులో చుట్టి ఇవ్వడం ఇక మానేయాలి. అచ్చు సిరాలోని రసాయనాలు నూనె తిండిలోకి దిగుతాయి, 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయి. వాడేసిన నీళ్ల సీసాల్లో తొక్కు పోసి ఇవ్వడం కూడా వద్దు. ఆహారానికి పనికొచ్చే కొత్త డబ్బా, లేదా కడిగి ఎండలో ఆరబెట్టిన గాజు సీసా వాడండి.

తూకం, గ్యాసు, మిగతావి

ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి. ముద్ర లేని కాంటాతో తూచి అమ్మడం నేరం. సొంత పేరుతో మూట కట్టి అమ్మేవాళ్లు మొదలుపెట్టిన 90 రోజుల్లో అదే శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదుకు దరఖాస్తు పెట్టాలి. 2011 నియమాల్లో దాని రుసుము 500 రూపాయలు.

ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరు ఇంటి వంటకే. అమ్మకానికి వండేవాళ్లు 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, పట్టుబడ్డ రోజు గ్యాస్ కనెక్షనే పోతుంది. మీ ధరలో ఆ తేడాను మొదటి రోజు నుంచే కలుపుకోండి. తర్వాత కలిపితే కొనేవాళ్లు ఒప్పుకోరు. వీధి వైపు గది తెరిచి బోర్డు పెడితే మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు అడుగుతారు, కరెంటు మీటరు కూడా వాణిజ్య కేటగిరీకి మారుతుంది. జీఎస్టీ మన రాష్ట్రంలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితేనే. నమోదు లేనివాళ్లు బిల్లు మీద జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. బిల్లు ఇస్తే మాత్రం దాని మీద ఆ 14 అంకెల సంఖ్య తప్పనిసరి, 2022 జనవరి నుంచి అది నియమం.

అధికారి వచ్చినప్పుడు

ఆహార భద్రతా అధికారిని చూసి తలుపు వేసుకోవద్దు. గుర్తింపు కార్డు అడగండి, లోపలికి రానివ్వండి. ఆయన నమూనా తీసుకుంటే దాని ధర మీకు చెల్లించాలి, రసీదు ఇవ్వాలి, నమూనాను నాలుగు భాగాలు చేసి మీ ముందు సీలు వేయాలి. అందులో ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని మీరు కోరవచ్చు. ఆ పరీక్ష ఖర్చు మీది. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు, అక్కడికక్కడే రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా 14 రోజుల్లో నివేదిక వస్తుంది. అది మీకు వ్యతిరేకంగా ఉంటే 30 రోజుల్లో జిల్లా డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు (జిల్లాలో ఆహార భద్రత చూసే పై అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

కొన్నవాళ్ల దగ్గర నుంచి ఫిర్యాదు వస్తే ముందు వాదించవద్దు. సీసా మీది తేదీ అడగండి. అందుకే ప్రతి బ్యాచ్ నుంచి ఒక చిన్న సీసా, లేబుల్ అతికించి, గడువు తీరేదాకా మీ దగ్గర ఉంచుకోవాలి. ఫిర్యాదు వచ్చిన రోజు అదే తేదీ సీసా తెరిచి చూడండి. మీ దగ్గరిది కూడా చెడి ఉంటే ఆ తేదీ సరుకు కొన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి తినవద్దని చెప్పి డబ్బు తిరిగి ఇవ్వండి. దీనికోసం ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి: తేదీ, ఏం వండారు, ఎన్ని కిలోలు, పల్లీలు, నూనె ఎక్కడ కొన్నారు, ఎవరికి అమ్మారు, ఫోను నంబరు. మీ సీసా బాగుండి వాళ్లది చెడితే తడి చెంచా పెట్టారా, మూత తెరిచి ఉంచారా అని మెల్లగా అడగండి. తర్వాతి బ్యాచ్ లేబుల్ మీద "పొడి చెంచా మాత్రమే వాడండి" అని చేర్చండి.